గువ్వలచెరువు ఘాట్‌లో నా బండి ఎందుకు తిరగలా

పోయిన ఎండాకాలం రాయచోటి నుంచి కడపకు వస్తాండాం, నేనూ మా బామ్మర్దీ. గువ్వలచెరువులో బండి ఆపి రెండు కేజీలు పాలకోవా కట్టించుకున్నాం, అప్పటికే మా అత్త ఇచ్చిన చెనిక్కాయల మూట ఒకటి వెనక కట్టేసి ఉంది. ఘాట్ దిగడం మొదలుపెట్టినాక ఒక ఎడమ మలుపు వచ్చింది, ఎడమ పక్కన గట్టు అడ్డం కాబట్టి అవతల ఏమొస్తాందో కనపడదు. స్పీడు 40 దాటలేదు, అది నాకు బాగా గుర్తు. బండిని వంచితే వంగింది, కానీ తిరగలా. ఎట్ల చెప్పాలబ్బా, వంగినా గూడా ముందు చక్రం నేరుగా పోదామనే చూస్తాంది, నేను హ్యాండిల్ గట్టిగా పట్టుకొని లాగితే ఇంకా మొండికేసింది, అట్లట్లనే జరుక్కుంటా పోయి మధ్య గీత దాటేసినా. ఎదురుగా లారీ.

"బావా, లారీ! బావా!" అని వాడు నా భుజం పట్టేసుకున్నాడు. ఆ డ్రైవర్ ఎవురో గానీ చల్లగుండాల, ముందే చూసి లారీని తన అంచుకు తీసి నిలబెట్టేసినాడు. ఆ లారీ బంపర్‌కు కట్టిన నిమ్మకాయలు, ఎండుమిరపకాయల దండ నా మోచేయి పక్కనుంచి పోయింది, అంత దగ్గర. కొంచెం కిందికొచ్చి ఒక చెట్టు కింద ఆపి నీళ్ళు తాగినాం, సీసా మూత తీసేదానికి చేతులు రాలా నాకు. చాలాసేపు ఇద్దరం ఏం మాట్లాడలా. తర్వాత వాడు అడిగినాడు, "బావా, నువ్వు తిప్పలేదా, బండి తిరగలేదా?"

ఆ ప్రశ్నకు జవాబు దొరికేసరికి నాకు మూడు నెలలు పట్టింది. రెండూ నిజమే. బండీ తిరగలా, నేనూ తిప్పలా. మన పక్క ఘాట్‌లలో తిరిగే పిల్లోళ్ళు ఎంతోమంది ఉన్నారు, శ్రీశైలం పొయ్యేటోళ్ళు, నంద్యాల నుంచి నల్లమల దాటి గిద్దలూరు పొయ్యేటోళ్ళు, వాళ్ళకు పనికొస్తాదని నేను తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తాండా.

ముందు బండి సంగతి. నాది 150 సిసి బండి, ఆరేళ్ళయింది కొని, 50 వేల కిలోమీటర్లు దాటింది. ఆ రోజుకు నాలుగు నెలల ముందు వెనక టైర్ అరిగిపోతే మార్చినా. కంపెనీ ఇచ్చింది 100/90-17, నేను వేయించింది 130/70-17. మొదటి అంకె టైర్ వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము సైజు అంగుళాల్లో. ఎందుకు వేయించినావంటే వెనకనుంచి చూస్తే పెద్ద బండి మాదిరి ఉంటాదని, అంతకుమించి కారణం లేదు. షాపులో సరిపోతాదన్నారు. నిజమే, సరిపోయింది. ఎత్తు లెక్క చూసినా గూడా 100లో 90 శాతం అంటే 90 మిల్లీమీటర్లు, 130లో 70 శాతం అంటే 91, చక్రం ఎత్తు దాదాపు మారలేదు, అందుకే మడ్‌గార్డుకు తగల్లేదు, చైన్‌కూ తగల్లేదు. తగల్లేదు కాబట్టి అంతా బాగుందనుకున్నా.

మా వీధి చివర షెడ్డు పెట్టుకున్న భాయ్ ఉన్నాడు, ముప్పై ఏళ్ళ నుంచి బండ్లు విప్పతాండే మనిషి. లారీ సంగతి చెప్పినాక ఆయన ఏం మాట్లాడకుండా కింద పడున్న పాత ట్యూబ్ ముక్క ఒకటి తీసుకున్నాడు, అరచేయి వెడల్పు ఉంటాది. రెండు అంచులూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దగ్గరికి నొక్కినాడు. మధ్యలో గూని మాదిరి పైకి లేసింది. "ఇదబ్బీ నీ టైరు. రిమ్ము సన్నది, టైరు లావుది. అంచులు లోపలికి పీక్కొని నడుమ పైకి లేస్తాది. కంపెనీవోడు ఏ గుండ్రంలో చేసినాడో ఆ గుండ్రం నీ బండి మీద లేదు" అన్నాడు. నాకు అప్పుడు అర్థమైంది, వంచేటప్పుడు ఒకచోట ఆగినట్లు ఒకచోట జారినట్లు ఎందుకు ఉంటాందో. ఇంకోటి గూడా ఉంది, టైర్ ఎంత వెడల్పయితే బండి వంగినప్పుడు నేలకు తగిలే చోటు అంత పక్కకు జరుగుతాది, కాబట్టి అదే మలుపు అదే స్పీడులో తిరగాలంటే బండిని ఇంకొంచెం ఎక్కువ వంచాల. పెద్ద బండ్లకు లావు టైర్లు ఎందుకుంటాయంటే వాటి పవర్ రోడ్డు మీద పెట్టడానికి, వాటి రిమ్ములు గూడా అంతే వెడల్పుంటాయి. మన 150 బండికి దాంతో పనే లేదు. మళ్ళీ 100/90 వేయించినా, నాలుగు నెలల టైర్ తీసి పక్కన పెట్టాలంటే కడుపు కాలింది కానీ వేయించినా.

ముందు టైర్ ఇంకో కథ. దాని గాడులు ఇంకా కనపడతాన్నాయి కదా అని నేను దాని జోలికే పోలేదు. భాయ్ వంగి టైర్ పక్కన ఉండే నాలుగంకెలు చూడమన్నాడు, 3118 అని ఉంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, అంటే 2018లో 31వ వారంలో తయారైంది. మన కడప ఎండలో బయట నిలబెట్టే బండికి అన్నేళ్ళంటే రబ్బరు గట్టిపడిపోయి ఉంటాది, గోరు గుచ్చితే దిగదు. పైగా నేను తిరిగేది ఎక్కువగా ప్రొద్దుటూరు, యర్రగుంట్ల, మైదుకూరు రోడ్లు, అన్నీ తిన్నగా పొయ్యేవే, కాబట్టి టైర్ నడుమ ఒక్కటే అరిగి పలక మాదిరి చదునైపోయింది. అరచేయి అడ్డంగా పెట్టి నిమిరితే తెలుస్తాది, గుండ్రంగా ఉండాల్సిన చోట చదును, దాని పక్కన ఒక మెట్టు. వంచేటప్పుడు బండి ఆ మెట్టు మీద ఆగుతాది, బలవంతం చేస్తే మెట్టు దాటి దబుక్కున పడతాది. మీ బండి మలుపులో మొదట బరువుగా ఉండి తర్వాత తనంతట తాను వాలిపోతాంటే ముందు ఈ చదును చూడండి, మిగతావన్నీ తర్వాత.

గాలి గురించి అందరూ చెప్తారు, ఎవురూ చూసుకోరు, నేనూ అంతే. నా బండి పుస్తకంలో ముందు 25, వెనక ఒక్కడుంటే 28, ఇద్దరుంటే 32 పీఎస్ఐ అని ఉంది. ఆ రోజు తర్వాత పొద్దున్నే కొలిపిస్తే ముందు 18 ఉంది. ఎందుకట్లయిందో గూడా ఆలోచిస్తే తెలిసింది. నేను ఎప్పుడూ మధ్యాన్నం, 30 కిలోమీటర్లు తోలినాక, బంకులో గాలి చూపిస్తా. మే నెల ఎండకు, రోడ్డు వేడికి లోపలి గాలి వ్యాకోచించి మీటర్‌లో నాలుగైదు ఎక్కువ చూపిస్తాది, ఆ అబ్బాయి ఎక్కువుందన్నా అని కొంచెం వదిలేస్తాడు, రాత్రి చల్లారినాక అది తక్కువైపోతాది. గాలి ఎప్పుడూ చల్లగా ఉన్నప్పుడు, బండి తియ్యకముందు చూడాల. ముందు టైర్‌లో గాలి తక్కువుంటే హ్యాండిల్ ఎంత బరువెక్కుతాదో 18 నుంచి 25 చేసిన రోజు ఇంటి సందు తిరిగేటప్పుడే తెలిసిపోయింది నాకు.

ఇప్పుడు అసలైంది, కోన్‌సెట్టు, అంటే హ్యాండిల్ తిరిగే చోట లోపల ఉండే గుండ్ల బేరింగు. ఇది రాయడానికే ఈ పోస్ట్ మొదలుపెట్టినా అనుకోండి. బండిని డబుల్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాల్లోకి లేసేట్లు వెనక ఎవరినన్నా కూర్చోబెట్టండి. హ్యాండిల్ చివర రెండు వేళ్ళు పెట్టి ఎడమకూ కుడికీ మెల్లగా తిప్పండి. నూనె రాసినట్లు పోవాల. నాది సరిగ్గా నడిమధ్యకు వచ్చేసరికి టక్కున ఒక గుంతలో కూర్చుంది, అక్కడినుంచి కదిలించాలంటే కొంచెం తొయ్యాల. భాయ్ విప్పినాడు. రేసులు, అంటే ఆ గుండ్లు దొర్లే ఉక్కు గిన్నెలు, డీజిల్‌లో కడిగి, గుడ్డతో తుడిచి, ఎండకు ఎత్తి పట్టుకొని నన్ను పిలిచినాడు. అద్దం మాదిరి ఉండాల్సిన ఉక్కు మీద వరసగా చిన్న చిన్న గుంతలు, ఆవగింజ పట్టేంత, ఒక్కొక్క గుండు కూర్చున్న చోట ఒక్కొక్కటి. గోరు పెట్టి గీస్తే టక్ టక్ టక్ అని తగులుతాన్నాయి. మనం రోడ్డు మీద ఎక్కువసేపు నేరుగానే పోతాం కదా, గుంతలో పడిన ప్రతిసారీ దెబ్బ అదే చోట అవే గుండ్ల మీద పడి ఉక్కులో దిగిపోతాది. అంతకు ఏడాది ముందు హ్యాండిల్ లూజుగా కొట్టుకుంటాందని వేరే చోట చూపిస్తే అక్కడ బాగా బిగించి పంపించినారు, శబ్దం పోయింది కాబట్టి నేను సంతోషపడినా, కానీ బిగుసుకుపోయిన కోన్‌సెట్టుతో గుంతలు ఇంకా లోతుగా పడినాయి.

దీనివల్ల ఏమైతాదంటే, బండి అనేది మనం అనుకున్నట్లు మనం తిప్పితే తిరిగేది కాదు. ముందు చక్రాన్ని పట్టుకొని ఉండే ఫోర్కు నిలువుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటాది, ఆ వాలును రేక్ అంటారు. ఆ వాలు గీతను నేలదాకా పొడిగిస్తే అది చక్రం నేలకు తగిలే చోటు కంటే ముందు పడతాది, ఆ తేడాను ట్రెయిల్ అంటారు. ఆఫీసు కుర్చీ కింది చక్రాలు చూడండి, కుర్చీని ఎటు తోస్తే అటు వాటంతట అవే తిరిగి వెనక వస్తాయి, ఇదీ అదే. ఈ ట్రెయిల్ వల్లనే బండి ఎడమకు వాలంగానే ముందు చక్రం తనంతట తాను ఎడమకు తిరుగుతాది. అది తిరగాలంటే కోన్‌సెట్టు స్వేచ్ఛగా ఉండాల. గుంతలో ఇరుక్కున్న కోన్‌సెట్టు చక్రాన్ని నేరుగానే పట్టేసుకుంటాది, బండి వంగతాది కానీ తిరగదు. ఆ రోజు ఘాట్‌లో నాకు జరిగింది అక్షరాలా ఇదే. కొత్త కోన్‌సెట్టు, గ్రీజు, మజూరీ అన్నీ కలిపి నాకు వెయ్యి రూపాయల లోపలే అయింది. అందరూ టైర్‌కూ హ్యాండిల్‌కూ వేలు పెడతారు, దీన్ని మాత్రం ఎవురూ చూడరు.

ఈ రేక్ అనేదాన్ని మనకు తెలియకుండానే మనమే మారుస్తాంటాం. వెనక ఇద్దరి బరువు, చెనిక్కాయల మూట, షాకబ్జర్లు మెత్తటి సెట్టింగులో ఉండడం, అన్నీ కలిసి వెనక కూలబడుతుంది, ముందు పైకి లేస్తాది, ఫోర్కు ఇంకొంచెం వెనక్కి వాలుతాది, రేకూ ట్రెయిలూ రెండూ పెరిగి బండి మొద్దుబారుతాది, పైగా ముందు చక్రం మీద బరువు తగ్గిపోతాది. వెనక షాకబ్జర్ల కింద మెట్లు మెట్లుగా తిరిగే రింగు ఉంటాది కదా, బండి టూల్‌కిట్‌లోనే దానికి స్పానర్ ఇస్తారు, ఇద్దరు పోతాంటే రెండు మెట్లు పెంచండి, రెండు పక్కలా ఒకే లెక్క. పైసా ఖర్చు లేదు. కొంతమంది దీన్నే ఇంకో పక్కనుంచి చేస్తారు, ఫోర్కు రాడ్లను పైన క్లాంపుల్లోంచి పైకి జరిపి ముందు భాగం కిందికి దించుతారు, దాంతో తిరగడం చురుకవుతాది. మా ఫ్రెండ్ ఒకడు ఒకేసారి 15 మిల్లీమీటర్లు దించేసినాడు, సందుల్లో సైకిల్ మాదిరి తిరిగింది కానీ రాజంపేట రోడ్డు మీద 80 దాటంగానే హ్యాండిల్ ఊగడం మొదలైంది. చెయ్యాలనుకుంటే ఒకసారికి 5 మిల్లీమీటర్లు, రెండు పక్కలా స్కేలు పెట్టి సమానంగా, ఫోర్కు పూర్తిగా దిగినప్పుడు టైర్ ఎక్కడా తగలకుండా చూసుకొని మాత్రమే చెయ్యండి. కొన్ని బండ్లకు ఆ అవకాశమే ఉండదు, పైన బోల్టు ఫోర్కును ఒకే చోట పట్టేస్తాది. నేనైతే దాని జోలికి పోలేదు, ముందు బండిని కంపెనీ ఇచ్చినట్లు పెట్టుకుంటే చాలనేది నా అభిప్రాయం. చైన్ బిగించినప్పుడు వెనక చక్రం వంకర పోకుండా రెండు చక్రాలకూ దారం పట్టి చూసుకోవడం గూడా అందులోదే.

ఇవన్నీ చేయించినాక బండి పూర్తిగా వేరే బండి అయింది. ఆ ధైర్యంతో నెల తర్వాత ఒక్కణ్ణే మళ్ళీ అదే ఘాట్‌కు పోయినా. అదే ఎడమ మలుపు. ఈసారి కొంచెమే కానీ మళ్ళీ వెడల్పుగా పోయినా. ఎదురుగా ఏం రాలేదు, అంతే. అప్పుడు అర్థమైంది, ఇంకో సగం నా చేతుల్లో ఉందని.

మనకు బండి నేర్పించేటప్పుడు క్లచ్, గేర్, బ్రేక్ చెప్తారు, ఎట్ల తిప్పాలో మాత్రం ఎవురూ చెప్పరు, సైకిల్ మాదిరే అంటారు. కానీ సైకిల్ ఎట్ల తిరుగుతాదో గూడా మనకు తెలియదు. విమానం చేసిన రైట్ సోదరులు మొదట సైకిల్ షాపు వాళ్ళే కదా, వాళ్ళలో విల్బర్ అప్పట్లోనే ఈ సంగతి గమనించినాడు, ఎడమకు తిరగాలంటే మనిషి ముందు హ్యాండిల్‌ను ఒక్క క్షణం కుడికి తిప్పుతాడు, తిప్పినట్లు వాడికే తెలియదు. చక్రం కుడికి జరిగితే పైన ఉన్న బండి ఎడమకు వాలుతాది, వాలినాక ఆ ట్రెయిల్ తన పని తాను చేస్తాది. దీన్ని కౌంటర్ స్టీరింగ్ అంటారు. చేసే పద్ధతి ఏందంటే ఎడమకు పోవాలంటే ఎడమ చేత్తో ఎడమ గ్రిప్‌ను ముందుకు నెట్టాల, మెల్లగా. నేను భయంతో చేసింది దానికి సరిగ్గా ఉల్టా, ఎడమ గ్రిప్‌ను నా వైపుకు లాగినా, అంటే వంగాల్సిన బండిని నేనే నిలబెట్టినా. లారీ వైపుకు నేనే తోలినా.

ఇది నా ఒక్కడి తప్పు గూడా కాదు. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ఆయన, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ తరఫున, లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల జరిగిన 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను దగ్గరుండి పరిశీలించి 1981లో రిపోర్ట్ ఇచ్చినాడు. ప్రమాదంలో పడిన వాళ్ళకు ఈ కౌంటర్ స్టీరింగ్ చేసి తప్పించుకునే నేర్పు దాదాపు లేనే లేదని, ఒంటరిగా పడిన వాళ్ళు ఎక్కువగా బ్రేక్ అతిగా వేసి జారడమో, మలుపులో సరిగ్గా తిరగలేక వెడల్పుగా పోవడమో చేసినారని అందులో ఉంది. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

రాయచోటి రోడ్డులో ఊరి బయట ఒక లేఅవుట్ ఉంది, రోడ్లు వేసినారు కానీ ఇండ్లు లేవు. రోజూ పొద్దున ఆరింటికి పోయి అరగంట ఇదొక్కటే ప్రాక్టీస్ చేసినా. 40లో నేరుగా పోతా అరచేత్తో ఎడమ గ్రిప్‌ను కొంచెం నొక్కితే, ఒక గ్లాసును బల్ల మీద ముందుకు జరిపినంత బలం చాలు, బండి ఎడమకు వాలిపోయింది. మొదటిసారి భయపడి వదిలేసినా. నాలుగో రోజుకు మోచేతులు వదులు చేసి, మోకాళ్ళతో ట్యాంక్ పట్టుకోవడం వచ్చింది, చేతులు బిగిస్తే కోన్‌సెట్టు బిగించినట్లే, చక్రాన్ని తిరగనియ్యవు. చూపు గూడా అంతే. నేను ఆ రోజు లారీని చూసినా, లారీ వైపుకే పోయినా. మలుపు ఎక్కడ తెరుచుకుంటాదో అక్కడికి గడ్డం తిప్పి చూస్తే చేతులు వాటంతట అవే సరైన పని చేస్తాయి.

స్పీడు గురించి ఒక లెక్క చెప్తా, ఇది లెక్క కాబట్టి ఎవరైనా వేసుకోవచ్చు. 25 మీటర్ల వ్యాసార్థం ఉండే మలుపు అనుకోండి. 30లో పోతే బండి సుమారు 16 డిగ్రీలు వంగితే చాలు. 40 అయితే 27 డిగ్రీలు. 50 అయితే 38. పది పెంచినందుకు పదకొండు డిగ్రీలు! వెనక మనిషినీ మూటనూ పెట్టుకొని మామూలు బండి 38 డిగ్రీలు వంచితే స్టాండ్, ఫుట్‌రెస్ట్ నేలకు గీసుకుంటాయి. కాబట్టి బ్రేక్ అంతా మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే, వంచినాక సన్నగా రేజ్ పట్టుకొని పోవాల. కనపడని ఎడమ మలుపులో తొందరపడి లోపలికి కొయ్యొద్దు, మన లేన్‌లోనే మధ్య గీతకు దగ్గరగా, తల గీత దాటకుండా ఉండి, అవతల కనపడినాక తిప్పాల. లోపలి అంచున ఎప్పుడూ ఇసక ఉంటాది, వాన పడితే కొండమీది మట్టి గూడా అక్కడికే దిగుతాది, యర్రగుంట్ల పక్కైతే నాపరాళ్ళ లారీలు, సిమెంటు లారీలు రాల్చిన పొడి. వెనక కూర్చునే వాళ్ళకు గూడా ఒక మాట చెప్పండి, మలుపు ఎటుంటే ఆ భుజం మీదుగా చూడమని. మా బామ్మర్ది భయంతో ఎప్పుడూ అవతలి పక్కకు ఒరిగేటోడు, నేను వంచేది వాడు లేపుతాన్నాడన్నమాట.

పోయిన ఆదివారం మళ్ళీ ఇద్దరం రాయచోటి పోయి వస్తాండాం. ఘాట్‌లో ఆ ఎడమ మలుపు వచ్చింది, ముందే 30కి తగ్గించినా, అవతల బస్సు ఒకటి ఎక్కుతా కనపడింది, దాని పక్కన ఖాళీగా ఉన్న మన దారిని చూసి ఎడమ అరచెయ్యి నొక్కినా, బండి అట్లనే గీత గీసినట్లు లోపలినుంచి పోయింది. వాడు భుజం పట్టుకోలా. కిందికి దిగినాక ఆ చెట్టు దగ్గరే ఆపమన్నాడు. ఏమైందిరా అంటే, "బావా, కోవా మర్చిపోయినాం గదా" అన్నాడు. బండి వెనక్కి తిప్పి మళ్ళీ ఘాట్ ఎక్కినాం.